నూట పన్నెండో పేజీలో కరివేపాకు

బుల్లీ, నువ్వు ఆఖరున చెప్పిన పని ఇన్నాళ్ళూ చెయ్యలేకపోయానమ్మా. ఇవాళ చేస్తున్నాను.

లైబ్రరీకి వచ్చే పెద్దలకీ పిల్లలకీ నమస్కారం. మా అమ్మాయి పోయి రెండు నెలలు దాటింది. కామెర్లు వచ్చి, గురువారం పొద్దున పదకొండింటికి కాకినాడ పెద్దాసుపత్రిలో పోయింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మా తమ్ముడు అక్కడి నుంచి ఆమె పనిచేసే రైసుమిల్లుకి ఫోను చేశాడు. మిల్లు గుమాస్తాగారు బయటికొచ్చి, కాటా దగ్గరున్న లారీ డ్రైవర్లకి చెప్పారట. పదిహేనేళ్ళలో మొదటిసారి మా మెస్సు తలుపుకి తాళం చూసి, అన్నానికి వచ్చినవాళ్ళు అలాగే వీధిలో నిలబడిపోయారట. ఇవన్నీ తరువాత విన్నవే. ఆ వేళకి నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. కాళ్ళు చల్లగా ఉన్నాయని దుప్పటి సర్దుతున్నాను. నర్సమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మన లైబ్రరీవారు ఏటా వేసే సంచికలో అమ్మాయి గురించి రాయమని లైబ్రేరియన్‌గారు ఇంటికొచ్చి అడిగారు. నేను చదివింది మూడో తరగతి. "నాకేం వచ్చండీ రాయడం" అన్నాను. "మీరు చెప్పుకునేట్టే రాయండమ్మా, ఒత్తులూ దీర్ఘాలూ నేను చూసుకుంటాను" అన్నారు. ఇందులో తిన్నగా ఉన్నవి ఆయన దిద్దినవి. మిగిలినవి నావి.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. మిల్లు ఆఫీసు కట్టేశాక సైకిలు మీద వచ్చేది. హ్యాండిలుకి గుడ్డసంచి ఉండేది. అందులోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చేది, ఇంకొకటి తెచ్చుకునేది. కథల పుస్తకాల బీరువా వైపు చూసేది కాదు.

ఆమె తొమ్మిదో ఏట వాళ్ళ నాన్న పోయారు. అప్పుడు మిల్లుల దగ్గర ఈ మెస్సు పెట్టాను. పొద్దున్నించీ పొయ్యి దగ్గరే నా పని. పిల్ల ఎక్కడికి పోతోందో చూసేంత తీరిక ఉండేది కాదు. ఒకరోజు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. ఏంటే అంటే, లైబ్రరీలో మెంబరు కావాలంటే పెద్దవాళ్ళు పూచీ పడాలంది. పిండి చేతితోనే పెట్టాను. అంతకుముందు పాతికసార్లయినా పెట్టి ఉండను సంతకం. అప్పుడు లైబ్రేరియన్‌గారు, "పిల్లల కథలు ఆ బల్ల మీద ఉన్నాయి, చూసుకో తల్లీ" అన్నారట. ఇది అటు పోకుండా, "నాకు నిజమైనవి కావాలండి" అందట. "ఏం నిజాలమ్మా?" అంటే, "ఏవైనా ఫర్వాలేదండి" అందట. ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. మొన్న చెబుతూ మాత్రం నవ్వలేదు.

ఏవైనా అంటే నిజంగా ఏవైనానే. ఒక వారం తేనెటీగలు, మరో వారం భూకంపాలు. రైలు వంతెనలు ఎలా కడతారో, రక్తం ఒళ్ళంతా ఎలా తిరుగుతుందో, ఉప్పు కోసం ఎవరు ఎవరితో యుద్ధం చేశారో. బావులు తవ్వడం గురించి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. మనకి బావే లేదు గదే, కుళాయి గదా అంటే, "బావి ఉన్నవాళ్ళు చదవరు గదమ్మా, ఎవరో ఒకళ్ళు చదవాలి" అంది.

కథలు ఎందుకు చదవవని నేనొకసారి అడిగాను. వాళ్ళ స్నేహితురాళ్ళు వారపత్రికల్లో సీరియళ్ళు చదివి కళ్ళు తుడుచుకుంటూ ఉండేవారు. ఆమె పుస్తకంలోంచి తలెత్తింది. "కథ ఎవరో చెప్తేనే ఉంటుంది. ఇవి మనం చూడకపోయినా, ఎవరూ చెప్పకపోయినా, జరుగుతూనే ఉంటాయి. అది నాకు ధైర్యంగా ఉంటుందమ్మా" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అవుతోంది.

మధ్యాహ్నం పంక్తులయ్యాక కూరలు తరుక్కుంటూ కూర్చునేదాన్ని. ఆదివారాలు ఆమె ఎదురుగా పీట వేసుకుని పైకి చదివేది. నాకు తెలిసిన సంగతులన్నీ అలా వంకాయల మధ్య వచ్చినవే. తేనెటీగ పువ్వులు ఎక్కడున్నాయో తోటివాటికి నాట్యం చేసి చెబుతుందట. తిమింగలం నీళ్ళలోనే పిల్లకి పాలిస్తుందట. ఆక్టోపస్ అని సముద్రంలో ఒకటుంది, దానికి మూడు గుండెలట. "మూడెందుకే, ఒక్కదానితోనే మనం పడలేకపోతున్నాం" అంటే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పకపకా నవ్వింది.

నాకూ ఆమెకీ తగువు ఒక్క దగ్గరే. అన్నం తింటూ చదివేది. ఎడంచేత్తో పుస్తకం, కుడిచేత్తో ముద్ద. ఏం కూరో కూడా చూసేది కాదు. ఒకసారి చారు అనుకుని మంచినీళ్ళు కలుపుకుని సగం తినేసింది. "అన్నాన్ని అవమానం చెయ్యకే, పుస్తకం పక్కన పెట్టు" అని ఎన్ని వేలసార్లు అన్నానో. "ఒక్క పేజీ, ఒక్క పేజీ" అనేది. ఎవరైనా పిలిస్తే, కంచం అంచున తీసిపెట్టిన కరివేపాకు రెబ్బలోంచి ఒక ఆకు తీసి, తుడిచానంటే తుడిచాననిపించి, పేజీలో పెట్టి మూసేసేది. అదే ఆమె గుర్తు. పేజీ మడిచేది కాదు. మడిస్తే పుస్తకానికి నొప్పి అనేది.

లైబ్రేరియన్‌గారు ఒకరోజు అందరి ముందూ పట్టుకున్నారట. "ఏమ్మా, నువ్వు పుస్తకం చదువుతున్నావా, పోపు పెడుతున్నావా? చూడు, నూనె మరక!" అన్నారట. ఇది తల దించుకుని, "ఇక నుంచి బాగా ఆరబెట్టి పెడతానండి" అందట. అప్పటి నుంచీ వంటింటి కిటికీలో ఒక చిన్న మూతలో ఆకులు ఆరుతుండేవి. నేను తెలియక రెండుసార్లు చారులో వేసేశాను.

మా మెస్సుకి వచ్చే డ్రైవర్లకి ఆమె అంటే సరదా. అందులో నిడదవోలు నుంచి ధాన్యం లారీ తోలుకొచ్చే ఒకతను పన్నెండేళ్ళుగా మా ఇంటి మనిషిలా వస్తాడు. నన్ను అక్కా అంటాడు, ఆమె అతన్ని మావయ్యా అనేది. చెయ్యి కడుక్కుంటూనే మొదలుపెట్టేవాడు.

"ఏంటే మేనకోడలా, ఈ వారం ఏం పరీక్షకి చదువుతున్నావు?"

"పరీక్ష లేదు మావయ్యా, ఊరికే."

"ఊరికే ఎవరన్నా చదువుతారా? అక్కా, నీ కూతురికి పెళ్ళి చెయ్యి. మొగుడి లెక్చరు వినేటప్పటికి ఈ లెక్చర్లు తగ్గుతాయి."

"నా లెక్చరు వినేవాణ్ణే చేసుకుంటాలే. నువ్వు పెరుగు పోసుకో, అన్నం ఆరిపోతోంది."

వెక్కిరిస్తూనే ప్రశ్నలు అడిగేవాడు. రేడియేటరు ఎందుకు మరుగుతుంది, దూరం నుంచి తారురోడ్డు మీద నీళ్ళెందుకు కనపడతాయి. తెలిస్తే చెప్పేది. తెలియకపోతే, "తెలీదు మావయ్యా, వచ్చే ట్రిప్పుకి చెప్తా" అనేది. తెలీదు అనడానికి సిగ్గుపడేది కాదు. వచ్చే ట్రిప్పుకి తప్పకుండా చెప్పేది.

పోయినేడు పక్కవాటాలో ఉండే చంటిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళమ్మ నీళ్ళు కూడా పట్టడం మానేసింది. పడితే ఇంకా పెరుగుతుందని. మేమందరం అదే నిజమనుకునేవాళ్ళం. ఇది గబగబా వెళ్ళి, కాచి చల్లార్చిన నీళ్ళలో పంచదారా ఉప్పూ కొలిచి కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టిస్తూ, రిక్షాలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈ నీళ్ళు పట్టించింది ఎవరమ్మా, ప్రాణం నిలబెట్టారు" అని ఆయన అన్నారు. నేను ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. అన్నం వడ్డిస్తూ చెప్పాను, కూరల బజారులో చెప్పాను. మా అమ్మాయి పుస్తకంలో చదివింది అని.

ఇక్కడి నుంచి రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ డ్రైవరు ఆఖరిసారి అడిగిన ప్రశ్న హెడ్‌లైటు గురించి. "బల్బు చూస్తే ఉసిరికాయంత లేదు. రోడ్డు చూస్తే ఫర్లాంగు దూరం కనపడుతుంది. ఎలాగే?" అన్నాడు. ఆమె మర్నాడే మన లైబ్రరీ నుంచి వెలుగు గురించి ఒక పుస్తకం తెచ్చింది. మూడురోజులు చదివింది. నాలుగోరోజు పొద్దున అద్దం ముందు నిలబడి, "అమ్మా, నా కళ్ళు చూడు" అంది. పచ్చగా ఉన్నాయి.

"కాకినాడ వెళ్దామమ్మా. కామెర్లంటే జబ్బు కాదు, లోపల జబ్బు ఉందని చెప్పే గుర్తు. ఎందుకొచ్చాయో రక్తం చూస్తేగాని తెలీదు. నేను చదివాను" అంది.

నేను ఒప్పుకోలేదు. మా వైపు కామెర్లంటే పసరే. ఇంగ్లీషు మందు పడితే విషమని చిన్నప్పటి నుంచి విన్నాను. మా అమ్మకి పసరుతోనే తగ్గింది. ఆ మధ్యాహ్నమే డ్రైవరు వచ్చి, "మా తమ్ముడికి ఒకాయన ఇచ్చాడక్కా, మూడు పూటల్లో దిగిపోయింది, నేనే లారీలో దింపుతాను" అన్నాడు. పిల్ల నన్నూ అతన్నీ చూసింది. "సరేలే, మీ ఇద్దరి మాటా చూద్దాం. మూడు రోజులు. తగ్గకపోతే నాలుగోరోజు బస్సు" అంది.

అతని లారీలోనే వెళ్ళి తెచ్చుకున్న పసరు పరగడుపున తాగించాను. ఉప్పు లేని చప్పిడి అన్నం, మజ్జిగ పెట్టాను. నూనె లేదు, పోపు లేదు. అంటే ఆమె కంచంలో కరివేపాకు కూడా లేదు. కామెర్లున్నప్పుడు చదివితే పచ్చదనం కళ్ళలోనే నిలిచిపోతుందని ఎవరో అంటే, పుస్తకం తీసి కందిపప్పు డబ్బాలో దాచేశాను. "ఒక్క పేజీ చదువుకుంటానమ్మా, మావయ్య వచ్చేస్తాడు, చెప్పాలి" అని అడిగింది. ఇవ్వలేదు.

నాలుగోరోజు వచ్చింది. కళ్ళు కొంచెం తేటపడ్డాయని నాకే అనిపించింది. పసరు పనిచెయ్యడానికి టైము పడుతుందన్నాను. అయిదోరోజు, ఆరోరోజు అలాగే అన్నాను. ఆమె పోట్లాడలేదు. పోట్లాడే ఓపిక లేదని నాకు తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే, మాట వింటోంది గదా అనుకున్నాను. తొమ్మిదోరోజు పొద్దున నేను పిలిస్తే వేరే ఎవరినో చూసినట్టు చూసింది. అప్పుడు టాక్సీ మాట్లాడాను.

పుస్తకం చదివి పక్కింటిపిల్లని బతికించిందని ఊరంతా చెప్పుకున్నదాన్ని, ఇంటిపిల్ల తన గురించి తనే చెబితే నేను వినలేదు. ముందు తెచ్చి ఉంటే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను. ఆయన మంచాయన. "అది ఎవరం చెప్పలేమమ్మా" అన్నారు. తెలీదు అనడానికి ఆయన కూడా సిగ్గుపడలేదు.

టాక్సీలో కాసేపు తెలివొచ్చింది. నా ఒళ్ళో తల పెట్టుకుని, "పుస్తకం ఎక్కడ దాచావమ్మా?" అంది. "కందిపప్పు డబ్బాలో" అన్నాను. నవ్వింది. "ఇన్నాళ్ళూ పోపు వాసన, ఇప్పుడు పప్పు వాసనా? లైబ్రేరియన్‌గారు ఊరుకోరు. గడువు దాటిపోయింది, ఇచ్చెయ్యమ్మా. ఇంకెవరైనా ఎదురుచూస్తుంటారు" అంది. అదే ఆఖరి మాట.

పెద్దకర్మ అయ్యాక డబ్బా మూత తీశాను. పుస్తకం మీద పప్పు పొట్టు ఉంది. దులిపి తెరిస్తే నూట పన్నెండో పేజీలో కరివేపాకు. జబ్బు తెలియకముందు రాత్రి తిన్న పులుసులోది, ఆరబెట్టకుండానే పెట్టేసినట్టుంది.

పట్టుకెళ్ళి ఇచ్చేద్దామనుకున్నాను. ఆకు ముందు సగం ఆమె చదివింది, ఆకు తరవాత సగం ఆమె చదవలేదు. అలాగే ఇవ్వడానికి చేతులు రాలేదు. మెస్సు మళ్ళీ తెరిచాను. మధ్యాహ్నం పంక్తులయ్యాక, కూరల ముందు పీట వేసుకుని, ఆకు దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఒత్తులు కూడబలుక్కుంటూ చదివాను. మొదటిరోజు నాలుగు లైన్లు. అర్థం కానివి లైబ్రేరియన్‌గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన ఒక్కసారి కూడా గడువు మాట ఎత్తలేదు. ఆమె చదవాల్సిన జవాబు ఆరు పేజీల తరవాత ఉంది. నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆ డ్రైవరు మాత్రం మా గుమ్మం తొక్కడం లేదు. లారీ మిల్లుకొస్తోంది, అతను ఇంకెక్కడో తిని వెళ్ళిపోతున్నాడని విన్నాను. అసలు సరిగ్గా తినడం లేదని మిగతా డ్రైవర్లు చెప్పారు. పోయిన మంగళవారం కాటా దగ్గర లారీ కనపడింది. తడిచేతులతోనే వెళ్ళాను. నన్ను చూసి కేబిన్‌లోంచి దిగాడు. మనిషి సగమయ్యాడు.

"ఏం తమ్ముడూ, అక్క వంట మొహం మొత్తిందా?"

భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ, "ఆ పసరు ఊరు చెప్పింది నేనే గదక్కా" అన్నాడు.

"చెప్పింది నువ్వు. తాగించింది నేను. మూడు రోజులన్నది తొమ్మిది చేసింది నేను. అందులో నీ వాటా నువ్వు మొయ్యి, నా వాటా కూడా ఎత్తుకుపోకు. రా, నీ ప్రశ్నకి జవాబు వచ్చింది."

"ఏం ప్రశ్న?"

"హెడ్‌లైటు. మర్చిపోయావా? అది మర్చిపోలేదు."

మెస్సు ముందుకి తీసుకొచ్చాను. తోమిన స్టీలు కంచం ఒకటి తీసుకుని ఎండలో పట్టుకున్నాను. "బల్బు వెలుగు చిన్నదే తమ్ముడూ. అది నాలుగు వైపులకీ పోతుంది, అలా పోతే ఎంతో దూరం పోదు. దాని వెనక మెరుస్తూ గిన్నెలాంటిది ఉంటుంది చూడు, అది పక్కలకీ వెనక్కీ పోయేదంతా పోగుచేసి ముందుకి తోస్తుంది. అందుకని దూరం పోతుంది. మేనకోడలు చెప్పమంది" అన్నాను. కంచం వంచితే వెలుగు బిళ్ళ ఎదురుగా ఉన్న లారీ తలుపు మీద పడింది. కంచం కదిపితే అదీ కదిలింది. అతను దాన్నే చూస్తూ నిలబడి, గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తరవాత అదే కంచంలో అన్నం పెట్టాను. వద్దంటూనే కూర్చున్నాడు. రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నాడు.

లైబ్రేరియన్‌గారూ, ఈ కాగితాలతోపాటు పుస్తకం పంపుతున్నాను. పప్పు వాసన పోలేదు, ఎండలో పెట్టి చూశాను. ఆకు అక్కడే ఉంచాను. దయచేసి తియ్యకండి.

మీలో ఎవరైనా బీరువాలోంచి తీసిన పుస్తకంలో ఎండిన కరివేపాకు తగిలితే, చెత్త అనుకుని దులపకండి. అక్కడిదాకా ఒక పిల్ల చదివింది, ఎవరో పిలిస్తే లేచింది. అక్కడి నుంచి మీరు చదవండి.

అన్నం దగ్గర పుస్తకం పెట్టుకోవద్దని పదిహేనేళ్ళు అరిచినదాన్ని, మీకు ఇంకో మాట చెబుతాను. పెట్టుకోండి, ఫర్వాలేదు. ఎడంచేత్తో పేజీ తిప్పుకుంటూనే తినండి. కానీ చల్లారకముందే తినండి. కడుపునిండా తినండి.